బరువు కదలని రోజుకు జవాబున్న రొటీన్ ఏది?

జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే చాలామంది ఫోన్‌లో ఒక రొటీన్ స్క్రీన్‌షాట్ దాచుకుంటారు. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్, బుధవారం షోల్డర్స్, ఇలా శనివారం దాకా. ఏ ఎక్సర్‌సైజ్, ఎన్ని రెప్స్ (ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తాలో), అలాంటివి ఎన్ని సెట్లు (విడతలు), అన్నీ రాసి ఉంటాయి. నాలుగు నెలల తర్వాత రాడ్ ఒకే బరువు దగ్గర ఆగిపోతే ఏం చేయాలో మాత్రం ఉండదు. భుజం లోపల సూది గుచ్చినట్టు అయితే ఏది మానాలో, ఏది చేసుకోవచ్చో అసలే ఉండదు.

పదకొండేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను. తమ్ముడికి, ఆఫీసులో తోటివాళ్లకు రొటీన్లు రాసిచ్చాను. ఎవరైనా లింకు పంపి "ఇది మంచిదేనా అన్నా?" అని అడిగితే నేను ముందు వెతికేది ఆ రెండు జవాబుల కోసమే. మొదటి రెండు మూడు నెలలు దాదాపు ఏ రొటీన్ చేసినా బలం పెరుగుతుంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం, ఉన్న కండను సరిగ్గా వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్ల వచ్చేదే. కాబట్టి "మూడు నెలల్లో నా బెంచ్ ప్రెస్ బరువు డబుల్ అయింది" అని ఎవరైనా చెబితే సంతోషించండి గానీ, దాన్ని బట్టి రొటీన్ ఎంచుకోకండి. దాని పస ఆ తర్వాతే తెలుస్తుంది.

ముందు పెన్ను పట్టుకుని లెక్కపెట్టండి

అలాంటి స్క్రీన్‌షాట్ ఒకటి తీసుకుందాం. చెస్ట్ రోజు ఫ్లాట్ బెంచ్ (బల్ల మీద పడుకుని రాడ్‌ను పైకి నెట్టేది) 4 సెట్లు, ఇంక్లైన్ 4, డిక్లైన్ 4, డంబెల్ ఫ్లై 3, పెక్ డెక్ 3, కేబుల్ క్రాసోవర్ 3. మొత్తం 21. ఇలాగే వారమంతా ఒక్కో కండకు ఎన్ని సెట్లు పడుతున్నాయో పక్కన రాస్తూ పోండి. ఛాతీకి 21 ఉన్నచోట కాళ్లన్నిటికీ కలిపి 9 కనిపిస్తాయి, అందులో తొడ వెనక భాగానికి మూడే. ఛాతీకి కూడా ఆ 21 ఒక్క రోజే పడి, మళ్లీ ఆరు రోజులు ఏమీ ఉండదు. పది పన్నెండు సెట్లు దాటాక చేసేదంతా అలసిపోయిన కండతో ఈడ్చడమే.

2016లో వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలను కలిపి చూసి, కండ పెరగడానికి వారానికి ఒకసారి కంటే రెండుసార్లు పని చెప్పడం మేలని తేల్చింది. మరుసటి ఏడాది, వారానికి సెట్లు పెరిగే కొద్దీ ఫలితం కూడా పెరుగుతోందని, 10, ఆ పైన చేసినవాళ్లకు లాభం ఎక్కువగా ఉందని చూపింది. ఒకే రోజు ఈడ్చే ఆ 21 సెట్లను 12కు తగ్గించి, సోమవారం 6, గురువారం 6 చేసినా పెద్దగా నష్టపోయేది ఏమీ ఉండదు. పైగా భుజాలకు ఊపిరి ఆడుతుంది.

రెండో లెక్క నెట్టేవాటికీ లాగేవాటికీ మధ్య. బెంచ్, షోల్డర్ ప్రెస్, డిప్స్ ఒక వైపు. రో (బరువును పొట్ట వైపు లాగేది), పుల్‌డౌన్, పుల్ అప్స్ మరో వైపు. నెట్టేవి లాగేవాటికి రెట్టింపు ఉంటే నేను ఆ రొటీన్ ఎవరికీ ఇవ్వను. నేను చూసినంతలో భుజం నొప్పితో వచ్చేవాళ్ల కాగితాల్లో ఈ తేడాయే ఎక్కువగా కనిపించింది.

మూడోది, బరువు ఎలా పెంచాలో అంకెల్లో రాసి ఉందా అన్నది. "వారం వారం కొంచెం పెంచండి" అన్నది సలహా కిందకు రాదు. ఎంత పెంచాలి, ఎన్ని రెప్స్ వచ్చాక పెంచాలి, రాకపోతే ఎంత దిగాలి, ఈ మూడూ ఉండాలి.

రాసినవాళ్ల శరీరం చూసి మోసపోకండి. స్టెరాయిడ్లు వాడే శరీరం ఒకే రోజు ముప్పై సెట్ల నుంచి కూడా కోలుకోగలదు. అదే కాగితం రాత్రి ఒంటిగంట దాకా షిఫ్టు చేసి, పొద్దున ఏడింటికి జిమ్‌కు వచ్చే మనిషికి పనికిరాదు. అలాగే స్నాచ్, క్లీన్ అండ్ జర్క్ (రాడ్‌ను నేల మీంచి తల పైకి ఎత్తే ఒలింపిక్ పద్ధతులు) నేర్పుతామనే ఆన్‌లైన్ రొటీన్లను కొత్తవాళ్లు పక్కన పెట్టడమే మంచిది. విజయనగరం దగ్గర కొండవెలగాడలో పిల్లలు ఆ ఎత్తులను చిన్నప్పటి నుంచి కోచ్ కళ్ల ముందు నేర్చుకుంటారు. అవి పక్కన మనిషి ఉండి సరిదిద్దితే తప్ప ఒంటికి పట్టవు.

ఏది ఎవరికి

5×5 అనే రొటీన్ గురించి వినే ఉంటారు. వారానికి మూడు రోజులు. ఒకసారి స్క్వాట్ (రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచేది), బెంచ్, బార్‌బెల్ రో, అంటే రాడ్‌తో చేసే రో. మరుసటిసారి స్క్వాట్, షోల్డర్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ను పట్టుకుని నిటారుగా లేచేది). డెడ్‌లిఫ్ట్ ఒక్క సెట్టే, మిగతావి ఐదేసి రెప్స్ చొప్పున ఐదు సెట్లు. ఖాళీ రాడ్‌తో స్క్వాట్ మొదలుపెట్టి వచ్చిన ప్రతిసారీ 2.5 కేజీలు పెంచాలి. ఒక బరువు దగ్గర వరుసగా మూడుసార్లు తప్పితే 10 శాతం దిగి మళ్లీ ఎక్కాలి. ఆగిన రోజుకు ఇంత సూటిగా జవాబు చెప్పే రొటీన్ మరొకటి దొరకడం కష్టం. అందుకే నొప్పులేమీ లేని కొత్తవాళ్లకు కళ్లు మూసుకుని ఇదే ఇస్తాను.

కానీ దీని జవాబు ఒకసారికో రెండుసార్లకో పనిచేస్తుంది. కాగితం మీద 20 కేజీలతో మొదలై, పన్నెండు వారాలకు, అంటే 36వ సారికి, స్క్వాట్ 107.5కు చేరాలి. ఆగకుండా అంత దూరం పోయేవాళ్లు తక్కువ. బెంచ్ అయితే 60 దగ్గర ఆగి, 54కు దిగి, మళ్లీ 60కి వచ్చి ఆగి, మళ్లీ దిగి, ఏడాది పాటు అదే మెట్ల మీద తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఒకే బరువు దగ్గర రెండోసారి దిగాల్సి వచ్చిందంటే ఈ రొటీన్ మీకు ఇవ్వాల్సింది ఇచ్చేసింది. నొప్పి విషయంలో కూడా దీనికి మెత్తదనం లేదు. మోకాలు బాగోలేనివాళ్లకు వారానికి మూడుసార్లు స్క్వాట్ అంటే పెద్ద భారమే.

అక్కడ ఆగినవాళ్లకు 5/3/1 అనే రొటీన్ ఒక దారి. ఇది మిమ్మల్ని వెనక్కి దింపి మొదలుపెడుతుంది. మీ బెంచ్ 60 కేజీలకు 5 రెప్స్ అనుకుందాం. ఒకే ఒక్క రెప్ అయితే ఎంత ఎత్తగలరో లెక్క వేస్తే సుమారు 70 వస్తుంది. అందులో 90 శాతం, అంటే 63 కేజీలనే మీ పూర్తి బలం అనుకోమంటుంది. మొదటి వారం అందులో 65, 75, 85 శాతాలు: దగ్గరి అంకెకు సరిచేస్తే 40, 47.5, 52.5 కేజీలు, ఐదేసి రెప్స్. రెండో వారం 70, 80, 90 శాతాలు, మూడేసి. మూడో వారం 75 శాతానికి 5, 85 శాతానికి 3, ఆఖరు సెట్ 95 శాతం, అంటే మళ్లీ అదే 60 కేజీలు. అక్కడ ఒక్క రెప్ వస్తే చాలు, ఇంకా వస్తే వచ్చినన్ని చేయమంటుంది. ఇంతకుముందు 60కి ఐదు వచ్చేవి, ఇప్పుడు ఏడు వచ్చాయనుకోండి. రాడ్ మీద బరువు మారకుండానే మీరు ముందుకు పోయారు. నాలుగో వారం తేలిక బరువులు. ఆ తర్వాత ఆ 63కు 2.5 కలుపుతారు. స్క్వాట్‌కు, డెడ్‌లిఫ్ట్‌కు అయితే 5.

నెలకు 2.5 అంటే చాలామందికి నిరాశగా ఉంటుంది. కానీ ఏడాదికి అది 30 కేజీలు. ఆరు నెలలుగా 60 దగ్గరే నిలబడిన మనిషికి అందులో సగం వచ్చినా తక్కువేం కాదు. బార్‌బెల్ మీదే ప్రేమ ఉన్నవాళ్లు, నోట్‌బుక్ రాసే ఓపిక ఉన్నవాళ్లు దీన్ని ఎంచుకోవచ్చు. అంకెలంటే చిరాకు పడేవాళ్లు రెండో నెలలోనే మానేస్తారు.

వారానికి ఆరు రోజుల పుష్-పుల్-లెగ్స్ (ఒక రోజు నెట్టేవి, ఒక రోజు లాగేవి, ఒక రోజు కాళ్లు) మీద నాకు కోపం ఏమీ లేదు. ఒక్కో కండకు రెండుసార్లు పని పడుతుంది. ఒక రోజు తప్పితే మాత్రం వారమంతా గందరగోళం. చేయాలనుకుంటే వారాల పేర్లు తీసేసి వరుసలో చేయండి: ఈ రోజు పుష్, ఎప్పుడు వస్తే అప్పుడు పుల్, ఆ తర్వాత లెగ్స్. పెళ్లిళ్ల సీజన్ వచ్చినా, ఆఫీసులో రిలీజ్ ఉన్నా వరుస చెడదు.

నా ఓటు అప్పర్-లోయర్‌కే. రెండు రోజులు పై శరీరం, రెండు రోజులు నడుము కింద భాగం. దీనికి ఇంటర్నెట్‌లో పెద్ద పేరు లేదు. కానీ ఇందులో ఎక్సర్‌సైజ్ పేర్లు ముఖ్యం కావు, వాటి చోట్లు ముఖ్యం: ఒకటి ముందుకు నెట్టేది, ఒకటి ముందు నుంచి లాగేది, ఒకటి పైకి నెట్టేది, ఒకటి పై నుంచి లాగేది. కాళ్లకు ఒకటి కూర్చుని లేచేది, ఒకటి నడుము దగ్గర వంగి లేచేది. భుజం పట్టేస్తే బెంచ్ తీసి ఆ చోట ఇంకొకటి పెడతాం, మిగతాదంతా అలాగే నడుస్తుంది. ఏదో ఒక చోట నొప్పి ఉన్నవాళ్లకు, నలభై దాటినవాళ్లకు ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

ఆడవాళ్లకు ప్రత్యేకం అంటూ అమ్మే రొటీన్లకు డబ్బు పెట్టకండి. పైవన్నీ వాళ్లకూ అంతే బాగా పనిచేస్తాయి, చిన్న ప్లేట్లు ఉంటే చాలు. ఆ ప్లేట్ల సంగతికే వస్తున్నాను.

నిజంగానే ఆగిపోయిందా?

మన ఊళ్లలో చాలా జిమ్‌లలో ఉండే అతి చిన్న ప్లేటు 2.5 కేజీలది. రెండు వైపులా వేస్తే ఒకేసారి 5 పెరుగుతుంది. స్క్వాట్‌లో 80 నుంచి 85కు పోవడమంటే ఆరు శాతం. షోల్డర్ ప్రెస్‌లో 30 నుంచి 35 అంటే దాదాపు పదిహేడు శాతం. మీ బలం ఆగలేదు, మెట్టు మరీ ఎత్తుగా ఉంది. స్పోర్ట్స్ షాపులో 1.25 కేజీల ప్లేట్లు ఒక జత కొని బ్యాగులో వేసుకోండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, కలిపి 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బంగారు, వెండి పతకాలు తీసుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5. అంతటి వాళ్ల మధ్యే తేడా రెండున్నర కేజీలైనప్పుడు, మనం ఒకేసారి ఐదు కలిపి, రాలేదని బాధపడటం న్యాయం కాదు.

రాడ్ బరువు కూడా ఒకసారి చూడండి. 20 అని చెప్పిన రాడ్‌ను నేను ఒక జిమ్‌లో పట్టుకుని బాత్‌రూమ్ తూకం మీద నిలబడి, నా బరువు తీసేసి చూస్తే 14 చిల్లర వచ్చింది. జిమ్ మారగానే బలం తగ్గిపోయిందని టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ పని చేయాలి.

ఇవి కాదనుకున్నాక, మూడు వారాల నోట్‌బుక్ తీయండి. ఒక్క ఎక్సర్‌సైజే ఆగితే ఆ రొటీన్‌లో దాని వంతు చూడాలి: బెంచ్ వారానికి ఒక్కసారే ఉంటే రెండుసార్లు చేయండి, లేదా రెండు మూడు సెట్లు కలపండి. అన్నీ ఒకేసారి ఆగితే, దిగితే, లోపం రొటీన్‌లో ఉండకపోవచ్చు. నిద్ర, తిండి, ఎండ. ఏసీ లేని జిమ్‌లో మే నెల సాయంత్రం రెండు మూడు రెప్స్ తగ్గడం మామూలే. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ఒంటిపూట భోజనం, నేల మీద పడక. ఆ రోజుల్లో బరువు పెంచమనే రొటీన్‌ను పక్కన పెట్టేయండి. సెట్లు మూడో వంతుకు తగ్గించి, బరువు మాత్రం ఉన్నదే ఉంచి వారానికి రెండుసార్లు చేస్తే బలం నిలబడుతుంది.

తిండిలో ముందు ప్రొటీన్ లెక్క చూడండి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి సిఫార్సు చేసేది కేజీ బరువుకు 0.83 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్లకు 1.6 దాకా ఉపయోగం ఉందని 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చూపింది. 70 కేజీల మనిషికి 58 గ్రాములకూ 112 గ్రాములకూ ఉన్న తేడా అది. హాస్టల్ సాంబారన్నంతో ఆ తేడా పూడదు. గుడ్లు, పెరుగు, సెనగలు, చికెన్, ఏవి వీలైతే అవి ప్లేటులోకి రావాలి.

తిండి, నిద్ర బాగున్నా అన్నీ ఆగి, కీళ్లు నొప్పిగా, జిమ్‌కు వెళ్లాలంటేనే బరువుగా ఉంటే, అది అలసట పేరుకుపోవడం. ఒక వారం సగం సెట్లు చేయండి. ఆ తర్వాత వారం రాడ్ తేలిగ్గా లేస్తే మీకు ఇక రొటీన్ మార్చే అవసరం లేదు.

నొప్పి వచ్చినప్పుడు

ఆరేళ్ల కిందట 120 కేజీల డెడ్‌లిఫ్ట్ నాలుగో రెప్‌లో నా నడుము ఎడమవైపు పట్టేసింది. రాడ్ కింద పెట్టాను గానీ నిటారుగా నిలబడలేకపోయాను. నా షూ లేసులు పక్కనున్న కుర్రాడు వంగి విప్పాడు. మర్నాడు చూపించుకున్న చోట మూడు వారాలు మంచం దిగొద్దన్నారు, ఇక జన్మలో బరువుల జోలికి పోవద్దన్నారు. నాలుగు రోజులు అలాగే పడుకున్నాను. నడుము ఇంకా బిగుసుకుపోయింది. తర్వాత కలిసిన ఫిజియో ముందు కాళ్లలో స్పర్శ, పాదాల్లో బలం పరీక్షించి, నరం నొక్కుకుపోయిన లక్షణాలు లేవని చూసుకుని, నడవమంది. రెండో వారం చీపురుకర్ర పట్టుకుని వంగి లేవడం. మూడో వారం ఖాళీ రాడ్, అదీ నేల మీద నుంచి కాదు, మోకాలి ఎత్తు బల్ల మీద నుంచి. తర్వాత 30, 40, 50. నేల మీద నుంచి 120 మళ్లీ లేచేసరికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో పుల్‌డౌన్, మెషిన్ చెస్ట్ ప్రెస్ ఒక్క వారం కూడా ఆపలేదు.

ఆమె నేర్పిన కొలత ఇప్పటికీ వాడుతున్నాను. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. చేస్తున్నప్పుడు మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి ముందురోజు కన్నా పెరగకూడదు. ఈ రెండూ సరిపోతే ఆ కదలిక మీకు పనికొస్తుంది. దాటితే బరువు తగ్గించండి, లోతు తగ్గించండి, అదీ కుదరకపోతే ఎక్సర్‌సైజ్ మార్చండి. పూర్తిగా మానేయడం చివరి మాట. కొత్త ఎక్సర్‌సైజ్ చేశాక ఒకటి రెండు రోజులకు కండంతా పచ్చిపుండులా ఉండటం వేరు. అది రెండు మూడు రోజుల్లో దానంతటదే పోతుంది. కీలులో ఒకే చోట, ఒకే కోణంలో గుచ్చే నొప్పి లెక్కలోకి తీసుకోవాల్సింది.

కొన్నిటికి మాత్రం ఈ మార్కులు వర్తించవు. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, పాదం పైకి లేవక జారిపోతున్నా డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా అదే రోజు, ఆ గంటలోనే ఆసుపత్రికి. ఎత్తుతుండగా టప్ మని శబ్దం వచ్చి కండ ఆకారం మారినా, నల్లగా కమిలినా చూపించుకోవాలి. మొదటిసారి విపరీతంగా చేశాక మూత్రం కోలా రంగులో వస్తే నీళ్లు తాగి ఊరుకోవద్దు, కిడ్నీలకు ప్రమాదం. ఛాతీ బరువుగా ఉంటే అది కండ నొప్పేనని మీకు మీరే చెప్పుకోవద్దు. "ఐదు నిమిషాల్లో భుజం నొప్పి మాయం" అనే వీడియోల్లో ఇలాంటి హెచ్చరిక ఒక్కటైనా ఉందేమో చూడండి. ఎవరు చేయకూడదో చెప్పని వీడియోను నేను నమ్మను.

ఇక చివరగా, నాకు ఎక్కువసార్లు వచ్చే కేసు: బెంచ్ 60 దగ్గర ఆగింది, కుడి భుజం ముందు భాగం నొప్పి, చేస్తున్నది రోజుకో పార్ట్. ఈ మనిషికి 5×5 ఇవ్వను, 5/3/1 కూడా ఇప్పుడే ఇవ్వను. అప్పర్-లోయర్ ఇస్తాను. బెంచ్ చోట నేల మీద పడుకుని, అరచేతులు ఎదురెదురుగా ఉండేలా డంబెల్ ప్రెస్. మోచేయి నేలకు తగిలి ఆగుతుంది కాబట్టి భుజం మరీ వెనక్కి పోదు. పైకి నెట్టే చోటును కొన్ని వారాలు ఖాళీగా వదిలి, ఆ సెట్లు రో ఎక్సర్‌సైజ్‌కు ఇస్తాను. డిప్స్ పూర్తిగా బంద్. కాళ్ల రోజుల్లో ఏ మార్పూ లేదు. వెనక రాడ్ పట్టుకోవడానికి భుజం ఒప్పుకోకపోతే డంబెల్‌ను గుండెలకు ఆనించుకుని స్క్వాట్. ఆరు వారాల తర్వాత రాడ్ బెంచ్ మళ్లీ మొదలు, పట్టు ఒక పిడికిలి దగ్గరికి జరిపి, 40 కేజీలకు 8 రెప్స్, మూడు సెట్లు. మర్నాడు పొద్దున చెయ్యెత్తి తల దువ్వుకుంటున్నప్పుడు భుజం ఏమీ అనకపోతే, తర్వాతిసారి బ్యాగులోంచి 1.25 ప్లేట్లు తీయొచ్చు.